రానీ... రానీ... ఆగు! 40 అడుగుల ట్రైలర్‌ని రివర్స్ చేయడం వెనక అసలు కథ

ఈ రోజు ఎపిసోడ్ కోడింగ్ గురించి కాదు, ప్యాకేజీల గురించి కూడా కాదు. పోయిన వీడియో కింద చాలామంది "అన్నా, ఏఐ మీద ఒకటి చెయ్" అన్నారు. ఏఐ కూడా వస్తుంది లెండి, కాకపోతే దారి మధ్యలో వస్తుంది. ఇవాళ మనం మాట్లాడుకునేది లారీ రివర్స్ గురించి. పెద్ద లారీని, ఇంకా చెప్పాలంటే కంటైనర్ ట్రైలర్‌ని, వెనక్కి తీసుకెళ్ళి ఒక ఇరుకు సందులో పెట్టడం గురించి.

నవ్వకండి. ఒక్క సీన్ గుర్తు చేసుకోండి. పొద్దున ఆఫీసుకో కాలేజీకో బైక్ మీద వెళ్తున్నారు. ముందు ఒక పెద్ద లారీ రోడ్డుకి అడ్డంగా ఉంది. కాస్త ముందుకొస్తుంది, కాస్త వెనక్కి వెళ్తుంది, మళ్ళీ ముందుకొస్తుంది. మనం ఏం చేస్తాం? హారన్ కొడతాం. "వీడికి డ్రైవింగ్ వచ్చా అసలు?" అంటాం. అంతలో ఎవడో ఒకడు లారీ వెనక నుంచి, గోడకీ లారీకీ మధ్య నుంచి, బైక్ దూర్చేసుకుని వెళ్ళిపోతాడు. ఆ ఒకడు చాలాసార్లు నేనే. ఇప్పుడు తలుచుకుంటే వెన్నులో చలి పుడుతుంది. ఎందుకో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

మీలో పాతవాళ్ళకి తెలుసు, మా నాన్న లారీ డ్రైవర్. ముప్ఫై ఏళ్ళ పైమాట. మొదట్లో విజయవాడ ఆటోనగర్‌లో క్లీనర్‌గా చేరాడు, తర్వాత పది టైర్ల లారీ, ఇప్పుడు కంటైనర్ ట్రైలర్. ఎక్కువగా గుంటూరు నుంచి చెన్నై పోర్టుకి మిర్చి, అటు నుంచి ఏది దొరికితే అది. నేను బీటెక్ చేశాను, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను, తర్వాత ఉద్యోగం మానేసి ఈ ఛానల్ పెట్టాను. నాన్నకి నా పని అర్థం కాదు. నిజం చెప్పాలంటే మొన్నటిదాకా నాన్న పని కూడా నాకు అర్థం కాలేదు.

రెండేళ్ళ కింద నాన్న బండికి ఒక రివర్స్ కెమెరా కొనిచ్చాను. ఏడు అంగుళాల స్క్రీన్, నైట్ విజన్, వెనక గీతలు కూడా చూపిస్తుంది. నేనే దగ్గరుండి పెట్టించాను. చాలా గర్వపడ్డాను, సమస్యకి టెక్నాలజీ సొల్యూషన్ ఇచ్చేశాను అని. ఆరు నెలల తర్వాత ఒకసారి నాన్నతో కలిసి వెళ్తే ఏం చూశానో తెలుసా? గోడౌన్ ముందు బండి ఆపాడు. ఇంజిన్ నడుస్తూనే ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగాడు, తుస్‌స్ అని గాలి శబ్దం వచ్చింది. కిందికి దిగాడు. బండి చుట్టూ నడుచుకుంటూ వెళ్ళాడు. వెనక నిలబడి ఎడమకి చూశాడు, కుడికి చూశాడు, పైకి కూడా చూశాడు. మళ్ళీ ఎక్కి, కొంచెం వెనక్కి తీసి, మళ్ళీ ఆపి, మళ్ళీ దిగాడు. కెమెరా ఆన్‌లోనే ఉంది. దాని మొహం చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. "నాన్నా, కెమెరా ఉందిగా, దిగడం ఎందుకు?" అంటే "ఉండనీరా, అదీ ఉండనీ" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ తెలుసు. ఫీచర్ ఇచ్చాం, యూజర్ వాడట్లేదు.

సరే, ముందు అసలు రివర్స్ ఎందుకంత కష్టమో చూద్దాం. మీ చేతిలో ఫోన్ ఉంది, పక్కన ఛార్జర్ కేబుల్ ఉంటుంది. కేబుల్‌ని టేబుల్ మీద పెట్టి ఒక చివర పట్టుకుని లాగండి. ఎటు లాగితే అటు బుద్ధిగా వెనకే వస్తుంది. ఇప్పుడు అదే చివర పట్టుకుని తోయండి. ఒక అంగుళం కూడా నిటారుగా పోదు, వెంటనే వంకర తిరిగి పక్కకి పడిపోతుంది. ముందుకెళ్ళే ట్రైలర్ అంటే లాగే కేబుల్. వెనక్కెళ్ళే ట్రైలర్ అంటే తోసే కేబుల్. ఇంజినీరింగ్ భాషలో మొదటిది స్టేబుల్, రెండోది అన్‌స్టేబుల్. లాగేటప్పుడు వంకర వచ్చినా అదే సర్దుకుంటుంది. తోసేటప్పుడు చిన్న వంకర వస్తే అది తనంతట తనే పెద్ద వంకర అవుతుంది. చిన్నప్పుడు చీపురుకట్టని అరచేతిలో నిలబెట్టి ఆడుకునేవాళ్ళం కదా, అదే కథ. చేయి కదలకపోతే చీపురు పడిపోతుంది. చేయి ఎక్కువ కదిపినా పడిపోతుంది.

కంటైనర్ లారీలో రెండు ముక్కలుంటాయి. ముందు ఇంజిన్, క్యాబిన్ ఉన్న బండి. వెనక కంటైనర్ మోసే ట్రైలర్. ఈ రెంటినీ కలిపేది ఒకే ఒక్క ఉక్కు పిన్ను, దాన్ని కింగ్ పిన్ అంటారు. మందం రెండు అంగుళాలు, ఇంకా బరువు బండ్లకైతే మూడున్నర అంగుళాలు. ముందు బండి మీద గుర్రపు నాడా ఆకారంలో ఒక పళ్ళెం లాంటిది ఉంటుంది, ఈ పిన్ను దానిలో కూర్చుంటుంది. 40 అడుగుల కంటైనర్ అంటే 12.19 మీటర్లు. మామూలు చిన్న కార్లు మూడు వరసగా పెడితే ఎంతో అంత. ముందు బండితో కలిపితే మొత్తం 15 మీటర్లు దాటుతుంది. సరుకుతో కలిపి ఒక్క కంటైనరే 30 టన్నుల దాకా ఉండొచ్చు. ఇదంతా ఆ పిన్ను చుట్టూ తిరగాలి.

ఇప్పుడు అసలు మెలిక. ట్రైలర్ వెనక భాగం కుడికి వెళ్ళాలి అనుకోండి. స్టీరింగ్ ఎటు తిప్పాలి? కుడికి అన్నారా? తప్పు. ఎడమకి తిప్పాలి. రివర్స్‌లో ఎడమకి తిప్పితే ముందు బండి వెనక భాగం ఎడమకి జరుగుతుంది. దాంతో పిన్ను ఎడమకి జరుగుతుంది, ట్రైలర్ ముందు కొసని ఎడమకి నెడుతుంది. అప్పుడు ట్రైలర్ వెనక కొస కుడికి తిరుగుతుంది. కానీ అక్కడితో ఆగితే అయిపోయినట్టే. ట్రైలర్ కుడికి తిరగడం మొదలుపెట్టగానే స్టీరింగ్ నిటారు చేసి, ఆ తర్వాత మెల్లగా కుడికి తిప్పుతూ ముందు బండిని ట్రైలర్ వెంట తీసుకెళ్ళాలి. నాన్న మాటల్లో అయితే, "ముందు దాన్ని పంపాలి, తర్వాత దాని వెనకాల మనం పోవాలి."

ఈ ఉల్టా లెక్క బుర్రలోకి ఎక్కడానికి ఒక చిట్కా ఉంది. స్టీరింగ్‌ని పైన కాకుండా కింద పట్టుకోండి, ఆరు గంటల ముల్లు దగ్గర. ఇప్పుడు చేతిని ఎటు జరిపితే ట్రైలర్ అటే వెళ్తుంది. చేయి కుడికి జరిపితే చక్రం ఎడమకి తిరుగుతుంది కదా, అంతే. ఇది తెలిశాక నాకు భలే సంతోషం వేసింది. ఉల్టా లెక్కని బుర్రలో కాకుండా చేతిలో పెట్టేశారు.

స్టీరింగ్ నిటారు చేయడం ఆలస్యమైతే ఏమవుతుంది? ముందు బండి, ట్రైలర్ మడతకత్తిలా ముడుచుకుంటాయి. ఒక కోణం దాటిపోతే స్టీరింగ్ ఇంక ఎంత తిప్పినా ఆ మడత విప్పలేరు. ఇంకా వెనక్కి వెళ్తే క్యాబిన్ వచ్చి కంటైనర్‌కి గుద్దుకుంటుంది, గాలి పైపులు తెగుతాయి. ఆ టైంలో ఉన్న దారి ఒక్కటే, ముందుకెళ్ళడం. ముందుకెళ్తే ట్రైలర్ దానంతటదే నిటారు అవుతుంది, ఎందుకంటే అప్పుడు లాగుతున్నాం కాబట్టి. మనం రోడ్డు మీద హారన్ కొట్టి తిట్టుకునే ఆ ముందుకీ వెనక్కీ ఊగడం ఉంది చూడండి, అది పని రాక కాదు. అదే పని.

అన్నిటికంటే పొడవాటి ట్రైలరే కష్టం అనుకుంటాం. కాదట. పొడవు ఎక్కువైతే అది నిదానంగా తిరుగుతుంది, ఆలోచించుకునే టైం ఇస్తుంది. పొట్టి ట్రైలర్ టక్కున మడిచేస్తుంది. మన ఊళ్ళలో ట్రాక్టర్‌కి తగిలించే ట్రక్కు ఉంటుంది కదా, రెండు చక్రాలది, అది అందుకే మొండిది. ఇంక నాలుగు చక్రాల ట్రక్కు అయితే చెప్పక్కర్లేదు. దానికి ట్రాక్టర్ దగ్గర ఒక కీలు, దాని ముందు ఇరుసు దగ్గర ఇంకో కీలు. చీపురుకట్ట మీద ఇంకో చీపురుకట్ట నిలబెట్టినట్టు. అలాంటిదాన్ని వడ్ల బస్తాలతో కల్లంలోకి వెనక్కి పెట్టే రైతులని నేను చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చూశాను. అప్పుడు అది మామూలు విషయం అనుకున్నా. కంట్రోల్ సిస్టమ్స్ పేపర్‌లో బొటాబొటీగా పాసైనవాణ్ణి, ఆ పెద్దాయన కాళ్ళకి దండం పెట్టాల్సింది.

ఇప్పుడు ఏఐ. 1989లో, అంటే నేను పుట్టక ముందే, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డెరిక్ న్యుయెన్, బెర్నార్డ్ విడ్రో అనే ఇద్దరు ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ట్రైలర్ రివర్స్ నేర్పారు. లోడింగ్ డాక్ దగ్గరికి వెనక్కి వచ్చి సరిగ్గా ఆగాలి, అంతే పని. రెండు నెట్‌వర్క్‌లు వాడారు. ఒకటి ట్రక్కు ఎలా కదులుతుందో నేర్చుకుంది. రెండోది దాని మీద ప్రాక్టీస్ చేస్తూ స్టీరింగ్ తిప్పడం నేర్చుకుంది. ముందు డాక్ దగ్గరగా, దాదాపు నిటారుగా పెట్టి తేలిక పాఠాలు. తర్వాత దూరం పెంచి, వంకర పెంచి కష్టమైన పాఠాలు. చివరికి అది ఎప్పుడూ చూడని పొజిషన్ల నుంచి కూడా వెనక్కి రాగలిగింది. ఇవాళ మనం మాట్లాడుకునే డీప్ లెర్నింగ్ హడావుడికి ఎంత ముందో చూడండి. ఇంజినీర్లకి అప్పట్లో ఇది కఠినమైన పరీక్షగా కనిపించింది అంటేనే లారీ డ్రైవర్ ఏం చేస్తున్నాడో అర్థం చేసుకోవచ్చు.

ఇదంతా నాన్నకి బొమ్మలు గీసి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఆ సిమ్యులేషన్‌లో ట్రక్కు వెనక్కి మాత్రమే రావాలి, ముందుకి కదలడానికి వీల్లేదు అని చెప్తే ఒక్కసారి తలెత్తి చూశాడు. "ముందుకి తీసుకోనివ్వలేదా? పాపం" అన్నాడు.

సిమ్యులేషన్‌లో లేనివి ఇంకా చాలా ఉన్నాయి. అద్దాలు ఒకటి. మన దేశంలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. లారీ వాళ్ళ భాషలో కుడివైపు అంటే డ్రైవర్ సైడ్, ఎడమవైపు అంటే క్లీనర్ సైడ్. ట్రైలర్ కుడికి మడిచి వెనక్కి వెళ్తే కుడి అద్దంలో ట్రైలర్ మొత్తం కనిపిస్తుంది, కిటికీలోంచి తల బయట పెట్టినా కనిపిస్తుంది. అదే ఎడమకి మడిస్తే కుడి అద్దంలో రోడ్డు, ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఎడమ అద్దంలో కంటైనర్ గోడ మాత్రమే ఉంటుంది. వెనక మూల ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అందుకే తెలిసిన డ్రైవర్ వీలైతే ఇంకో చుట్టు తిరిగైనా సరే, డ్రైవర్ సైడ్ నుంచే పెడతాడు. ఇంకో కిలోమీటరు డీజిల్ పోతుంది, పోనివ్వు అంటాడు.

పైన ఏముందో కూడా చూడాలి. కరెంటు తీగలు, బాల్కనీలు, చింతకొమ్మలు. వరిగడ్డి లోడు తీగలకి తగిలి తగలబడిన వార్తలు ప్రతి కోతల సీజన్‌లో పేపర్లో చూస్తూనే ఉంటాం. మామూలు లారీ అయితే ఇంకోటి. రివర్స్‌లో వెనక కుడికి తిరుగుతుంటే ముందు భాగం ఎడమకి బయటికి ఊగుతుంది. అందరి కళ్ళూ వెనకే ఉంటాయి, ముందు మూల పోయి పక్కన బైక్‌ని పడేస్తుంది.

కాలి పని కూడా ఉంది. రివర్స్‌లో యాక్సిలరేటర్ తొక్కకూడదు అంటాడు నాన్న. చదును నేల మీద డీజిల్ ఇంజిన్ ఐడ్లింగ్‌లోనే బండిని కదిలిస్తుంది, ఆ వేగం చాలు. నడిచే మనిషి కంటే నిదానంగా. హాఫ్ క్లచ్‌లో ఎక్కువసేపు ఉంచితే కాలిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే ఓనర్‌కి ఫోన్ చేయాల్సిన టైం వచ్చినట్టు. ఇంక బండి పెట్టే చోటు దాటి ముందుకి ఎంత దూరం వెళ్ళి ఆపుతాం, ఎంత వంచి ఆపుతాం, సగం రివర్స్ అక్కడే తేలిపోతుంది. ముందు ఆపడం తప్పయితే తర్వాత స్టీరింగ్‌తో ఎంత కుస్తీ పట్టినా వేస్ట్.

ఇదంతా ఎవరు నేర్పుతారు? లైసెన్స్ టెస్టులో రివర్స్ ఉంటుంది. ఆర్టీఓ ఆఫీసు దగ్గర హెచ్ ఆకారం ట్రాక్ మీద కారుతో చాలామంది చెమటలు కక్కే ఉంటారు. పెద్ద బండి లైసెన్స్ కావాలంటే ఇరవై ఏళ్ళు నిండాలి, ముందు ఏడాది పాటు మామూలు కారు లైసెన్స్ ఉండాలి. కానీ 40 అడుగుల ట్రైలర్‌ని మిల్లు సందులోకి ఎక్కించడం ఏ ట్రాక్ మీదా నాన్న నేర్చుకోలేదు. క్లీనర్‌గా ఐదేళ్ళు బండి వెనక నిలబడి నేర్చుకున్నాడు. వెనక నిలబడి అరిచినవాడికి ముందు కూర్చున్నప్పుడు వెనక ఏం జరుగుతుందో తెలుస్తుంది.

అమెరికాలో ట్రక్ డ్రైవింగ్ స్కూళ్ళలో ఒక మాట నేర్పుతారు. జి, ఓ, ఏ, ఎల్, గోల్. గెట్ అవుట్ అండ్ లుక్. అంటే డౌట్ వస్తే దిగి చూడు. నాన్న ఈ మాట ఎప్పుడూ వినలేదు, చేసేది మాత్రం అదే. అక్కడ గోల్. మన దగ్గర గోల. ఏ గోడౌన్ దగ్గరైనా చూడండి, లారీ రివర్స్ గేర్ వేసిందంటే నలుగురు సలహాదారులు తయారవుతారు. ఒకడు రానీ అంటాడు, ఒకడు ఆపమంటాడు, టీ కొట్టు దగ్గర కూర్చున్నాయన లెఫ్ట్ కొట్టమంటాడు. వాచ్‌మన్ చెయ్యి ఊపుతాడు, అది రమ్మనో పొమ్మనో ఆయనకీ తెలియదు.

ఆ గోల గురించే చెప్పాలి. ఇది చెప్పడానికి నాన్నని అడిగాను, ఆ మనిషిని కూడా అడిగాను. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో అమ్మ గాజులు కనిపించకుండా పోయాయి. తాకట్టుకి వెళ్ళాయని తర్వాత తెలిసింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నాన్న రెండు నెలలు డ్యూటీకి వెళ్ళలేదు. నాకు అప్పుడు అది సెలవులాగా అనిపించింది.

జరిగింది ఏంటంటే, ఆ చలికాలం ఒక రాత్రి నాన్న పది టైర్ల లారీని ఒక పత్తి మిల్లులో అన్‌లోడింగ్‌కి వెనక్కి పెడుతున్నాడు. పక్కనే ఇంకో లారీ కూడా అదే టైంలో వెనక్కి వస్తోంది. లైట్లు సరిగ్గా లేవు, పత్తి దుమ్ము. నాన్న బండికి క్లీనర్‌గా మా ఊరి కుర్రాడే ఉన్నాడు, పంతొమ్మిదేళ్ళు. వెనక క్లీనర్ సైడ్‌లో, బండికీ గోడకీ మధ్య నిలబడ్డాడు. అలా నిలబడకూడదు, కానీ రోజూ అందరూ అలాగే నిలబడతారు. ఒకచోట ఆ కుర్రాడు "ఆగు" అన్నాడు. అదే క్షణంలో పక్క లారీ క్లీనర్ తన డ్రైవర్‌కి "రానీ, రానీ" అన్నాడు. రెండు ఇంజిన్ల శబ్దంలో నాన్నకి "రానీ" వినపడింది. రానిచ్చాడు.

ఒక్క అడుగు. నాన్న ఇప్పటికీ చేత్తో కొలిచి చూపిస్తాడు, ఇంత అని.

ఆ కుర్రాడి తుంటి ఎముక, తొడ ఎముక విరిగాయి. బతికాడు. మూడు ఆపరేషన్లు. ఓనర్ సగం ఇచ్చాడు, మిగతాది నాన్న పెట్టుకున్నాడు, గాజులు అక్కడికి వెళ్ళాయి. ఇప్పుడాయన మా మండలం సెంటర్లో పంక్చర్ షాపు నడుపుతున్నాడు. ఒక కాలు కొంచెం పొట్టి. నాన్న బండి అటు వెళ్తే అక్కడ ఆగకుండా పోదు. నేను వెళ్ళి అడిగినప్పుడు ఆయన అన్న మాట, "మీ నాన్న తప్పేం లేదురా, నేనూ అరిచాను, వాడూ అరిచాడు." ఇదే మాట నాన్నతో చెప్తే ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి బండి అద్దాలు తుడుచుకున్నాడు.

నెట్‌వర్కింగ్ చదివినవాళ్ళకి ఇది వెంటనే వెలుగుతుంది. మెసేజ్ కరెక్టే వచ్చింది, పంపినవాడి అడ్రస్ లేదు. ఎవరు ఎవరికి పంపారో తెలియని ప్యాకెట్‌ని మనం నమ్మేశాం. ఇందుకు నాన్న కనిపెట్టిన పరిష్కారం చూస్తే నాకు మతిపోయింది. అప్పటి నుంచి నాన్న బండికి ఎవరు క్లీనర్‌గా వచ్చినా ఒట్టి "రానీ" అనకూడదు. బండి నంబరు చివరి రెండు అంకెలు ముందు చెప్పాలి. "నలభై రెండు రానీ. నలభై రెండు రానీ. నలభై రెండు ఆగు." నంబరు వినపడకపోతే బండి కదలదు. "ఆగు"కి మాత్రం నంబరు లేకపోయినా పర్లేదు. ఎవరు ఆగమన్నా ఆగుతాడు, రోడ్డు మీద పోయే పిల్లాడు అన్నా సరే. కదలమనడానికి ఒక్కడికే హక్కు, ఆపడానికి అందరికీ హక్కు. సెక్యూరిటీ డిజైన్ మీద నేను చూసిన ప్రెజెంటేషన్లు అన్నీ ఒక పక్క, ఇది ఒక పక్క.

రెండో రూల్, క్లీనర్ ఎప్పుడూ అద్దంలో కనిపించాలి. గోడకీ బండికీ మధ్య కాదు, పక్కకి జరిగి నిలబడాలి. అద్దంలో మనిషి మాయమైతే, నోటితో రానీ అంటున్నా సరే, బ్రేక్. మూడోది మీకు తెలిసిందే, దిగి చూడటం. కెమెరా వెనక ఏముందో చూపిస్తుంది, పక్కన ఎవరు దూరుతున్నారో చూపించదు, లెన్స్ మీద బురద పడితే అదీ చూపించదు. కార్లకి మన దగ్గర 2019 జులై నుంచి వెనక సెన్సార్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ 30 టన్నుల బండి వెనక నిలబడే మనిషికి ఇంకా తన గొంతే సెన్సార్.

పైగా ఇప్పుడు ఆ మనిషి కూడా దొరకట్లేదు. క్లీనర్ పనికి కుర్రాళ్ళు రావడం తగ్గిపోయింది, వాళ్ళని తప్పుపట్టలేం కూడా, ఆ జీతానికి ఆ నిద్రకి ఎవరొస్తారు? నాన్న చాలా ట్రిప్పులు ఒంటరిగానే వెళ్తున్నాడు. అర్ధరాత్రి ఏదో గోడౌన్ దగ్గర వెనక్కి పెట్టాలి, వెనక చూసేవాడు లేడు. వాచ్‌మన్‌ని పిలిచి, టీ తాగించి, నంబరు నేర్పించి, అప్పుడు పెడతాడు. ఆలస్యమైందని లోపల సూపర్‌వైజర్ అరుస్తాడు. నాన్నకిప్పుడు యాభై ఎనిమిది. మెడ వెనక్కి తిప్పితే నొప్పి. దిగడం, ఎక్కడం, ఒక్కో రివర్స్‌కి మూడు నాలుగు సార్లు. మానెయ్ నాన్నా అంటే "ఏది, దిగడమా, డ్యూటీనా?" అంటాడు. రెండూ మానడని ఇద్దరికీ తెలుసు.

ఈ ఎపిసోడ్ కోసం నేను కూడా ట్రై చేశాను. నాన్న స్నేహితుడి యార్డ్, చుట్టూ గేటు, ఆదివారం, ఖాళీ కంటైనర్, పక్క సీట్లో నాన్న. సున్నంతో రెండు గీతలు గీశాం, మూడున్నర మీటర్ల వెడల్పు. డ్రైవర్ సైడ్ నుంచే, సులువైనదే. సిమ్యులేషన్ నేనే కోడ్ రాసి నెల రోజులు ఆడాను కాబట్టి కాస్త ధీమా ఉంది. మొదటి రెండు నిమిషాల్లో మడతపెట్టేశాను. ముందుకి తీశాను, మళ్ళీ మడత. ఎంత చిన్నగా తిప్పాలో తెలియదు. స్టీరింగ్ తిప్పిన తర్వాత ట్రైలర్ కదలడానికి కాస్త టైం పడుతుంది, ఆ లోపు భయంతో ఇంకా తిప్పేస్తాం, తర్వాత రెండూ కలిసి ఒకేసారి వచ్చి పడతాయి. నాన్న ఒకటే మాట, "తిప్పావుగా, ఆగు. దాన్ని వినపడనీ."

గంటా పది నిమిషాలు పట్టింది. పదిహేడు సార్లు ముందుకి తీశాను, కెమెరామన్ లెక్కపెట్టాడు. చివరికి పెట్టాను. దిగి గంతులేశాను. నాన్న వెనక్కి నడిచి చూసి "ఎడమ టైరు గీత మీదుంది" అన్నాడు. మళ్ళీ తీయించాడు.

రెండోసారి నాన్న పక్కన కూర్చోలేదు. క్లీనర్‌గా వెనక నిలబడ్డాడు. కుడి అద్దంలో చిన్నగా కనిపిస్తున్నాడు, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. "నలభై రెండు రానీ. నలభై రెండు రానీ." ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ క్లీనర్ గొంతు. నేను గీతలు చూసుకుంటున్నాను, కోణం చూసుకుంటున్నాను, ఈసారి భలే వస్తోంది అనుకుంటున్నాను. ఇంకా "నలభై రెండు రానీ" అని వినిపిస్తూనే ఉంది. అద్దంలోకి చూస్తే తెల్ల చొక్కా లేదు.

కాలు బ్రేక్ మీదికి ఎలా వెళ్ళిందో తెలియదు. బండి మొత్తం ఊగి ఆగింది. హ్యాండ్ బ్రేక్ లాగి దూకి వెనక్కి పరిగెత్తాను. కంటైనర్‌కి బాగా దూరంగా, వేపచెట్టు వెనక నిలబడి ఉన్నాడు నాన్న, కావాలనే పక్కకి తప్పుకుని. నా మొహం చూసి నవ్వలేదు.

"రానీ అంటూనే ఉన్నాగా, ఎందుకు ఆపావు?"

"నువ్వు కనపడలేదు నాన్నా."

"సరే. ఇవాల్టికి చాలు, పద" అన్నాడు. బండి గీతల మధ్య పడలేదు, సగం బయటే ఉంది. దాన్ని నాన్నే లోపల పెట్టాడు, రెండుసార్లు దిగి చూసి.

ఆ మొత్తం ఫుటేజ్ ఎడిట్ చేయకుండా రెండో ఛానల్‌లో పెడుతున్నాను, ఓపిక ఉంటే చూడండి. మీ ఇంట్లో లారీ, బస్సు, ట్రాక్టర్ నడిపేవాళ్ళుంటే వాళ్ళ రివర్స్ రూల్ ఏంటో అడిగి కామెంట్‌లో రాయండి, నాన్నకి చదివి వినిపిస్తాను. ఉంటానండి, బై.